రిసార్టుకెళ్ళిన మా మగ్గం

మా ఊరికి సముద్రం ఈమధ్యనే వచ్చింది. నవ్వకండి. నేను చీరాలలో పుట్టి పెరిగాను. మా ఇంటి నుంచి వాడరేవుకి సైకిలు మీద పోయి రావచ్చు. అయినా నా చిన్నప్పుడు సముద్రాన్ని మా నేతవాళ్ళ వాడలో ఎవరూ పట్టించుకోలేదు. అది వలలు వేసేవాళ్ళు పనిచేసుకునే చోటు. కార్తీకంలో ఒకసారి స్నానానికి వెళ్ళి, తడిబట్టలతో, ఇసుక కాళ్ళతో తిరిగొచ్చేవాళ్ళం. తిరిగొచ్చాక ఎవరి మగ్గం గుంటలోకి వాళ్ళు దిగేవాళ్ళు. మా అమ్మకైతే సముద్రం అంటే చేపలూ, ఉప్పు గాలికి తుప్పుపట్టే తాళాలూ, అంతే.

ఇప్పుడు అదే సముద్రం బీచ్ అయింది. శనివారం మధ్యాహ్నం దాటితే చాలు, కార్లు మొదలు. గుంటూరు మిర్చి యార్డు ఘాటుకి వారమంతా తుమ్మి తుమ్మి గాలి మార్పుకి వచ్చేవాళ్ళు, పత్తి అమ్ముకుని చేతులు దులుపుకున్నవాళ్ళు, హైదరాబాదు నుంచి రాత్రంతా కారు తోలుకుంటూ వచ్చే ఆఫీసు కుర్రాళ్ళు. అంత దూరం వచ్చి వాళ్ళు చేసే మొదటి పని సముద్రానికి వీపు పెట్టి నిలబడటం. ఫోను ఎత్తి పట్టుకుని, మూతి వంకర్లు తిప్పి, ఫోటో బాగుందో లేదో చూసుకుని, బాగాలేకపోతే మళ్ళీ వీపు పెట్టి. అలలు పాపం వాళ్ళ వెనకాల వాటి పని అవి చేసుకుంటూ ఉంటాయి. సాయంత్రానికి ఇసుకలో బీరు సీసాలు, కారంపొడి చల్లిన మామిడి ముక్కల కాగితాలు, ఎవరివో ఒంటి చెప్పులు మిగులుతాయి.

వీళ్ళకి దగ్గరి దారి చూపించే ఫోనొకటి ఉంది కదా, దానికి మా వాడ కనిపించింది. మా వాడలో పొద్దున్నే వీధి పొడుగునా పడుగు చాస్తారు. పడుగంటే చీరకి నిలువుగా ఉండే పోగుల వరస. దాన్ని కర్రల మీద బారుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టాలి. ఒక ఆదివారం ఒక పెద్ద తెల్ల కారు వచ్చి ఆ పడుగు ముందు ఆగి హారను కొట్టింది. కొడుతూనే ఉంది. చివరికి నల్లకళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి దిగి, "ఈ దారాలు కాస్త పక్కకి జరపండి, బీచ్‌కి లేటవుతోంది" అన్నాడు. మా వదిన గంజి కుంచె చేత్తో పట్టుకునే, "కారు మడిచి జేబులో పెట్టుకుని నడిచిపోండి, మేమేమీ అనుకోం" అంది. మా వదిన నోరు అలాంటిది. నాది అంతకంటే మంచిదేమీ కాదు, కానీ నేను గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పుకుంటాను కాబట్టి నా నోరంతా అక్కడే ఖర్చయిపోతుంది.

సముద్రం వచ్చాక దాని వెనకే కళ కూడా వచ్చింది. అంతవరకూ మాది పని. 'ఏం పని చేస్తారు' అంటే 'నేత పని' అనేవాళ్ళం. బీచ్ రోడ్డుకి రంగు రంగుల బోర్డులు పడ్డాక అది వారసత్వ కళ అయింది. అయినందుకు మగ్గాలేమైనా పెరిగాయా అంటే, మా వీధిలో టకటకలు తగ్గి స్కూటర్ల చప్పుడు పెరిగింది. బీచ్ దగ్గర 'అసలైన చేనేత' అని బోర్డు పెట్టిన కొట్లో ఒకసారి ఒక చీర అంచు తిరగేసి చూశాను. ఎక్కడో మిషను మీద గుట్టలుగా తయారై లారీలో దిగిన సరుకు. కొట్టతను నన్ను కూడా టూరిస్టే అనుకుని, "నిన్ననే మగ్గం దిగింది మేడమ్, ఇంకా గంజి వాసన కూడా పోలేదు" అన్నాడు. వాసన చూశాను. అగరొత్తుల వాసన వచ్చింది. అతని ముఖం మీదే అంచు విసిరేసి వచ్చాను.

ఇక మా మగ్గం సంగతి. దాని గురించి ఒక్క విషయం చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. మగ్గం మీద నేత పూర్తయితే చీరలు కోసి తీసుకుంటారు, కానీ పోగులన్నీ కోసెయ్యరు. మగ్గానికి గుండెకాయలాంటి అచ్చు ఒకటి ఉంటుంది. పడుగులోని ప్రతి పోగూ దానిలోంచి దూరి రావాలి. నేత అయ్యాక ఆ అచ్చులో పాత పోగుల కొసలు మూరెడు పొడుగున వేలాడుతూ మిగులుతాయి. కొత్త పడుగు వచ్చినప్పుడు ఇంటి ఆడమనిషి మగ్గం పక్కన కూచుని, వేళ్ళకి బూడిద అద్దుకుని, ఒక్కొక్క పాత కొసకి ఒక్కొక్క కొత్త పోగు కలిపి మెలితిప్పి అతుకుతుంది. అతకడం అయ్యాక మెల్లగా లాగితే, పాత పోగు చెయ్యి పట్టుకుని కొత్త పోగు అచ్చులోంచి దూరి వస్తుంది. ఇవాళ్టి పెరుగు కాస్త తీసి రేపటి పాలకి తోడు వేస్తామే, అలాగన్నమాట. మా ఇంట్లో ఆ తోడు ఎన్నడూ తప్పలేదు. మా నాయనమ్మ అతికింది, ఆవిడ తర్వాత మా అమ్మ అతికింది, అమ్మ చూపు మందగించాక వదిన అతుకుతూ వచ్చింది. చిన్నప్పుడు నేను అమ్మ పక్కన కూచుని పోగులు విడదీసి అందించేదాన్ని.

మా వాడలో మగ్గాన్ని వట్టిగా నిలబెట్టరు. అచ్చులోని కొసలు కూడా దూసేసి మగ్గం బోసిగా వదిలారంటే, నేసే మనిషి పోయి వెనక ఎవరూ లేనట్టు, లేదా ఆ ఇల్లు నేత మానేసినట్టు. మా నాన్న పోయినప్పుడు పెద్దవాళ్ళు వచ్చి, "పోగులు దూసెయ్యమంటావా" అని అమ్మని అడిగారు. అమ్మ ఏడుపు ఆపి, "నా కొడుకు కూచుంటాడు. దాన్ని ముట్టుకోకండి" అంది. పక్కింటాయన నేత మానేసి పెట్రోలు బంకులో చేరినప్పుడు మాత్రం ఆ ఇంట్లో పోగులు దూసేశారు. ఆ రోజు ఆయన భార్య బావి దగ్గర కట్టుకున్న చీరతోనే తలారా నీళ్ళు పోసుకుంది. ఇంట్లో ఎవరో పోతే చేసే స్నానం అది. నేను గోడ మీంచి చూశాను. మనుషులెవరూ పోకుండానే ఆ స్నానం చెయ్యడం చూసి నాకు భయం వేసింది. ఆ స్నానం చేశాక ఆ మగ్గం మీద మళ్ళీ పోగు ఎక్కించరు.

బీచ్ ఒడ్డున కొత్తగా కట్టిన ఒక రిసార్టు వాళ్ళు మా ఇంటికి వచ్చింది రెండేళ్ళ కిందట. ఒక మేనేజరు, ఆయన వెంట హైదరాబాదు నుంచి డిజైనరమ్మ. లాబీలో మగ్గం పెట్టాలట, దాని మీద నిజంగా నేసే మనిషి కావాలట. డిజైనరమ్మ మా గుంట మగ్గం చుట్టూ తిరిగి, గోడలకి పట్టిన మసి, చూరుకి వేలాడే అచ్చులు, గుంటలోని తడి అన్నీ ఫోటోలు తీసుకుని, "వావ్, ఎంత రా గా ఉందో" అంది. మా ఇల్లు పచ్చిగా ఉందని మెచ్చుకున్న మొదటి మనిషి ఆవిడే. అన్నయ్యకి అప్పటికే మోకాళ్ళు పట్టేశాయి, నూలు ఇచ్చే షావుకారు కూడా మరమగ్గాల వైపు తిరిగిపోయాడు. దానికి తోడు మేనేజరు, "మీరు ఆర్టిస్టులండీ" అనేసరికి మా అన్నయ్య వెన్నెముక నిటారుగా అయింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఎవరూ అలా పిలవలేదు. పొగడ్తకి పడిపోవడంలో మా వంశానికి మంచి పేరుంది.

వదిన మాత్రం ఒక్కటే మాట అడిగింది. "మగ్గాన్ని పోగుల్తోనే తీసుకెళ్ళాలి. అక్కడ కూడా నేత అయిపోయినప్పుడల్లా నేను వచ్చి అతుకుతాను. వట్టిగా మాత్రం నిలబెట్టకూడదు. సరేనా?"

"అలాగే అమ్మా, మీ ఇష్టప్రకారమే" అన్నాడు మేనేజరు. రూము బుక్ చేసుకున్నవాళ్ళకి కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని చెప్పే గొంతుతోనే చెప్పాడు.

గుంటలో కాళ్ళు పెట్టి నేసే మగ్గాన్ని స్టేజీ ఎక్కించారు. ఇసుకలో గుంట తవ్వితే నీళ్ళూరుతాయి, పైగా లాబీలో ఇటలీ నుంచి వచ్చిందని చెప్పిన నున్నటి రాయి పరిచారు. అందుకని ఎత్తుగా చెక్క అరుగు కట్టి, దానికి కన్నం పెట్టి, ఆ కన్నంలో అన్నయ్య కాళ్ళు వేలాడేలా ఏర్పాటు చేశారు. తలకి జరీ తలపాగా చుట్టారు. మా వాడలో తలపాగా చుట్టుకుని నేసినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. చెమటకి తువ్వాలు భుజాన వేసుకోవడమే మా వాళ్ళకి తెలిసిన అలంకారం. అదే మాట డిజైనరమ్మతో అంటే, "గెస్ట్‌లకి ఒక ఫీల్ రావాలి కదండీ" అంది. ప్రారంభం రోజున అన్నయ్య ఆ తలపాగాతో కూచుని పోగుల మధ్య అటూ ఇటూ నాడె విసురుతుంటే ఎవరి పెళ్ళిలోనో తప్పిపోయిన పెళ్ళికొడుకులా ఉన్నాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది.

అక్కడ అన్నయ్య నేసిన రోజులు నేను అప్పుడప్పుడూ చూశాను. ఏసీ చలికి పోగులు పెళుసెక్కి తెగుతుండేవి. కాస్త తగ్గించమంటే గెస్టులకి ఉక్కపోస్తుందన్నారు. ఉక్కపోత వద్దనుకునేవాళ్ళు సముద్రం ఒడ్డుకి ఎందుకు వచ్చారో నాకు అర్థం కాలేదు. పిల్లలు వచ్చి పోగుల మీద వేళ్ళతో వీణ వాయించేవాళ్ళు. తల్లులు 'కమాన్ కన్నా, టచ్ చేసి చూడు' అని ఎగదోసేవాళ్ళు. నరసరావుపేట నుంచి వచ్చిన ఒకాయన చాలాసేపు చూసి, "ఇంత కష్టం దేనికండీ, మిషను మీద చిటికెలో అవుద్ది గదా" అని సలహా ఇచ్చి రొయ్యల ఇగురు తినడానికి వెళ్ళిపోయాడు. అన్నయ్య మాత్రం ఇంటికి వచ్చి, "ఇవాళ ఢిల్లీవాళ్ళు ఫోటో తీసుకున్నారే" అని వదినతో చెప్పుకునేవాడు. ఆయన సంతోషం చూస్తే నా కోపం నోటిదాకా వచ్చి ఆగిపోయేది. వదిన మధ్యమధ్య వెళ్ళి కొత్త పడుగు అతికి వచ్చేది. ఆ కొసలు అచ్చులో ఉన్నంతవరకూ మగ్గం ఎక్కడుంటే ఏం అనుకుని సరిపెట్టుకుంది.

ఈ ఏడు ఎండలు ముదిరాక, ఒక పడుగు మీది ఆఖరి చీర కోసి, అన్నయ్య ఎప్పటిలాగే అచ్చులో కొసలు వదిలి, అవి చిక్కుపడకుండా ముడివేసి ఇంటికి వచ్చాడు. కొత్త పడుగుకి గంజి పట్టి ఆరే లోపల మోకాళ్ళకి నాలుగు రోజులు విశ్రాంతి అన్నాడు. వదిన మంచిరోజు చూసుకుంది. నన్ను కూడా రమ్మంది, పోగులు అందించడానికి. తన కళ్ళు కూడా మునుపట్లా లేవని ఒప్పుకోవడం ఆవిడకి చేతకాదు, అందుకని, "నువ్వు చిన్నప్పటి పని మర్చిపోయావేమో చూద్దాం రా" అంది. గుంటూరులో రైలెక్కి వెళ్ళాను. పడుగు చుట్ట నా ఒడిలో, డబ్బాలో బూడిద వదిన ఒడిలో పెట్టుకుని ముగ్గురం ఆటోలో రిసార్టుకి చేరాం.

లాబీలోకి వెళ్ళేసరికి మగ్గం తళతళలాడుతోంది. కొయ్యకంతా కొత్తగా వార్నిషు పూశారు. పైనుంచి పసుపు లైట్లు దించారు. ఏదో పెద్దవాళ్ళ పెళ్ళికి రిసార్టంతా తీసుకున్నారట, అలంకారం జరుగుతోంది. మగ్గం మీద బంతిపూల దండలు వేలాడుతున్నాయి. అచ్చులో ఒక్క పోగు లేదు. దాని ఖాళీల్లోంచి అవతల గోడ కనిపిస్తోంది.

వదిన అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అరుగు ఎక్కి, దండలు పక్కకి జరిపి, అచ్చు మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ నిమిరింది.

"ఇందులో పోగులుండాలే, ఏయి?" అంది.

డిజైనరమ్మ పరిగెత్తుకొచ్చింది. "అవా ఆంటీ, ఆ మురికి దారాలు? కుచ్చుల్లా వేలాడుతున్నాయని కట్ చేయించేశాను. చూడండి, ఇప్పుడెంత నీట్‌గా ఉందో. వుడ్ అందమంతా బయటపడింది."

నేను నోరు తెరిచాను. ఏమేం అన్నానో ఇక్కడ రాయను. అచ్చులో పడేవి కావవి. లాబీలో పూలు కట్టేవాళ్ళు పని ఆపి చూశారు, అంతవరకు గుర్తుంది. మేనేజరు వచ్చి, "మేడమ్, ఇష్యూ ఏముంది ఇందులో? దారమే కదా, మళ్ళీ ఎక్కించుకుంటే పోలా" అన్నాడు. అన్నయ్య కూడా, తలపాగా చేత్తో పట్టుకుని, "పోన్లేవే, మొదట్నించీ పోగులెక్కించుకుందాం. కాస్త ఎక్కువ రోజులు పడుద్ది, అంతేగా" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఒక్కొక్క పోగూ కొత్తగా దూర్చుకుంటూ పోతే ఏ మగ్గమైనా మళ్ళీ నేస్తుంది. తోడు లేకపోతే ఎవరింటికైనా వెళ్ళి కాస్త పెరుగు అడిగి తెచ్చుకోవచ్చు కూడా. కానీ అమ్మ ఏడుపు ఆపుకుని కాపాడుకున్నది ఆ కొయ్యని కాదు కదా.

వదిన డబ్బాలో బూడిద చూసుకుంది. డబ్బా నా చేతికిచ్చి, అద్దాల తలుపు తోసుకుని బయటికి నడిచింది. నీలంరంగు నీళ్ళ తొట్టి పక్కనుంచి, గొడుగుల కిందుగా, ఇసుకలోకి దిగింది. ఎక్కడికెళుతోందో ముందు నాకు అర్థమైంది. అన్నయ్యకి కాస్త తర్వాత అర్థమైంది.

"ఏమేవ్, ఆగవే! స్నానం చెయ్యమాక! ఇంకా మగ్గం ఉందిగా!" అని అరుస్తూ మోకాళ్ళు ఈడ్చుకుంటూ వెంట పరిగెత్తాడు.

వదిన ఆగలేదు. కట్టుకున్న చీరతోనే నడుము లోతు దాకా వెళ్ళి, కొప్పు విప్పుకుని నీళ్ళలో మునిగింది. లేచి, కళ్ళు మూసుకుని ముఖం ఆకాశం వైపు ఎత్తింది. జుట్టంతా నీళ్ళు కారుతున్నాయి. మళ్ళీ మునిగింది. ఆవిడ ఏడ్చిందో లేదో ఉప్పునీళ్ళలో ఎవరికి తెలుస్తుంది? అన్నయ్య ఒడ్డునే నిలబడిపోయాడు. తర్వాత జరీ తలపాగా ఇసుకలో పడేసి తనూ దిగాడు. నేను కూడా ఆ ఇంటి ఆడపడుచునే, బూడిద డబ్బా ఒడ్డున పెట్టి నేనూ మునిగాను. చుట్టూ పెళ్ళివాళ్ళ బంధువులు కేరింతలు కొడుతున్నారు. ఒకమ్మాయి మమ్మల్ని చూసి, "సో క్యూట్, పల్లెటూరి ఫ్యామిలీ ఎంజాయ్ చేస్తున్నారు" అంది. రిసార్టువాళ్ళు పెళ్ళికి పెట్టిన ఫోటోలవాడొకడు మా చుట్టూ తిరిగాడు. అప్పుడు వాణ్ణి పట్టించుకునే స్థితిలో మేం లేం.

మగ్గాన్ని ఇంటికి తెచ్చుకోలేదు. "స్నానం అయిపోయాక మళ్ళీ ఇంటికి తెచ్చుకుంటామా?" అంది వదిన. అది ఇప్పటికీ ఆ లాబీలో బోసిగా, నున్నగా మెరుస్తూ ఉంది. దాని ముందు 'బతికున్న కళ' అని ఇత్తడి పలక పెట్టారని విన్నాను. అన్నయ్య ఇప్పుడు వాడలో మరొకరింట్లో కూలికి నేస్తున్నాడు. వదిన మిగిలిన ఇళ్ళకి వెళ్ళి పడుగులు అతుకుతుంది. ఆ ఇళ్ళు ఇంకో నాలుగు ఉన్నాయి.

పోయిన నెల నేను చీరాల వెళ్ళినప్పుడు వదిన స్టేషనుకి వచ్చింది. ఇద్దరం ఆటోలో వస్తుంటే బైపాస్ మలుపులో ఒక పెద్ద హోర్డింగ్ కనిపించింది. ఆ రిసార్టుదే. మేడంత ఎత్తున మా వదిన. నీళ్ళలోంచి లేచి, కళ్ళు మూసుకుని, ముఖం ఆకాశం వైపు ఎత్తి. జుట్టు నుంచి కారుతున్న చుక్కల్ని ముత్యాల్లా మెరిపించారు. కింద 'అలల ఒడిలో ఆనందం. వారాంతపు ప్యాకేజీలు కలవు' అని రాసి ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆపవయ్యా ఆటో! వదినా, ఇప్పుడే వెళ్దాం పద. ఆ మేనేజరు సంగతి ఇవాళ తేల్చేస్తాను. పోలీసు కేసు పెడదాం" అన్నాను.

ఆటో ఆగింది. వదిన దిగింది, కొంగు నుదుటికి అడ్డం పెట్టుకుని పైకి చూసింది.

"కేసెందుకులే" అంది. "ఎవరన్నా పోతే ఫోటో కట్టించి గోడకి తగిలిస్తాంగా. మన మగ్గానికి వీళ్ళే కట్టించారు."

తిరిగొచ్చి నా పక్కన కూచుని, కొంగు సర్దుకుంది.

"దండేద్దామంటేనే అందదు, అంత ఎత్తునెట్టారు. ఆటో పోనియ్ బాబూ, అక్కడెవరింట్లోనో పడుగు నాకోసం చూస్తా ఉంటది."